ఇనుములోకి బొగ్గు ఎంత లోతు దిగుతుంది?

సూర్జాగఢ్ ఇనుప ఖనిజం మా గడ్చిరోలి జిల్లాదే అయినా, సిరోంచ, అహేరి కొలుములకు వచ్చేది పాత ఇనుప దుకాణం సరుకే. లారీ కమాను పట్టీ దొరికితే అదృష్టం. అందులో కార్బన్ 0.5 శాతం పైనే ఉంటుంది, కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. మైల్డ్ స్టీల్ పట్టీలో ఉండేది 0.2 శాతం అటూ ఇటూ. దాన్ని ఎన్నిసార్లు ముంచినా కొడవలికి పదును నిలవదు. పెట్టెలో బొగ్గు నింపి, అందులో ఇనుము పాతి కాల్చి, బయటి నుంచి కార్బన్ ఎక్కించాల్సిందే.

శుద్ధ ఇనుము స్ఫటిక నిర్మాణం 912 డిగ్రీల దగ్గర మారుతుంది. అంతకు ముందు పరమాణువుల మధ్య సందులు ఇరుకు, 0.02 శాతానికి మించి కార్బన్ పట్టదు. మారాక 2 శాతం దాకా పడుతుంది. క్రోమియం లాంటి పెద్ద పరమాణువు కదలాలంటే పక్కన ఖాళీ చోటు ఏర్పడాలి. కార్బన్ చిన్నది, సందు నుంచి సందుకు దూకిపోతుంది. అందుకే గంటల్లో పని అవుతుంది.

900 డిగ్రీల్లో 4 గంటలకు సుమారు అర మిల్లీమీటరు గట్టి పొర వస్తుంది. లోతు రెట్టింపు కావాలంటే 8 గంటలు చాలవు, 16 కావాలి. అదే వేడి 950కి పెంచితే కార్బన్ దాదాపు రెండింతల జోరుతో కదులుతుంది. అయస్కాంతం అంటుకోకపోతే వేడి చాలనుకునేవాళ్లున్నారు. అది 770 దగ్గరే వదిలేస్తుంది.

3 మిల్లీమీటర్ల రేకు పెట్టె తీసుకోండి. శనగగింజంత ముక్కలు చేసిన గట్టికర్ర బొగ్గులో పదో వంతు చాకలి సోడా కలపండి. తుప్పు, పొలుసు మిగిలితే అక్కడ కార్బన్ ఎక్కదు, ఇనుప ముక్కలను తెల్లబడేదాకా ఆకురాయితో రుద్దండి. ముక్కల మధ్య అంగుళం ఎడం ఉంచి, మూతను బంకమట్టితో మెత్తండి. ఇనుముకు కార్బన్ అందించేది బొగ్గు నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. కాబట్టి ఆరుబయటే కాల్చాలి. మూతలోంచి ఒక సన్నని చువ్వ బయటికి పెట్టండి. మధ్యలో దాన్ని లాగి, నీళ్లలో ముంచి, విరిచి చూస్తే పొర ఎంత దిగిందో తెలుస్తుంది.

కొడవలికి ఒక ముఖం మీద ముందే మట్టి పూసి ఆరబెట్టడం మేలు. పలచటి అంచుకు రెండు వైపులా ఎక్కితే గాజులా పెళుసవుతుంది, రాయి తగిలితే పెచ్చు లేస్తుంది.

పెట్టెలోంచి తీసి నేరుగా ముంచకండి. అన్ని గంటల వేడికి లోపలి రేణువులు పెరిగి ఉంటాయి. పెట్టెలోనే చల్లారనిచ్చి, మళ్లీ 780 దాకా కాల్చి ముంచాలి. ఈసారి అయస్కాంతం పనికొస్తుంది. తిత్తి గాలి నేరుగా తగలనివ్వొద్దు, ఎక్కిన కార్బన్ కాలిపోతుంది. తర్వాత అంచు వరిగడ్డి రంగు తిరిగేదాకా మెల్లగా వెచ్చచేయండి. నూరడం మాత్రం మట్టి పూసిన మెత్తటి వైపే. రెండో వైపు ఆకురాయి పెడితే గంటల కష్టం పొడిగా రాలిపోతుంది.