పాదస్పర్శం క్షమస్వ మే: ఏ నేలతో అంటున్నాం?

పోయిన నెల ఇక్కడ, అమెరికాలో, ఒక కూచిపూడి రంగప్రవేశానికి, అంటే ఓ పిల్ల తొలి పూర్తి ప్రదర్శనకి, వెళ్ళాను. స్కూల్ ఆడిటోరియం అద్దెకు తీసుకున్నారు. పూల అలంకరణ, లైవ్ ఆర్కెస్ట్రా, దేనికీ లోటు లేదు. పిల్ల కూడా శ్రద్ధగా నేర్చుకుంది. కానీ నాట్యానికి ముందు నేలను తాకి చేసే భూమి నమస్కారం మాత్రం మూడు సెకన్లు! ఇలా కూర్చుని అలా లేచింది. మైకులో అప్పటికే ఆ అమ్మాయి కాలేజీ కబుర్లు మొదలయ్యాయి. మనసు చివుక్కుమంది.

సముద్రవసనే దేవి పర్వతస్తనమండలే
విష్ణుపత్ని నమస్తుభ్యం పాదస్పర్శం క్షమస్వ మే

మనందరికీ నోటికి వచ్చిన శ్లోకమే. పొద్దున్నే మంచం దిగుతూ చెప్పుకునేవారు ఒక్క అడుగుకి క్షమాపణ అడుగుతారు. నర్తకి అడిగేది రెండు గంటల పాటు వేయబోయే దరువులకి! అందుకే ఆవిడ ఇంకాస్త సేపు వంగి ఉండాలి. రంగపూజ, అంటే రంగస్థలానికి పూజ, చేయకుండా ప్రదర్శన మొదలుపెట్టొద్దని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయమే హెచ్చరిస్తోంది కదా.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు నన్నొక ప్రశ్న అడిగింది. "అమ్మా, ఏ భూమికి దండం పెడుతున్నాం? ఇండియాకా, ఇక్కడికా?" దాని క్లాసు ఒక ఇంటి బేస్‌మెంట్‌లో. కింద చెక్క ఫ్లోర్, దాని కింద కాంక్రీటు. నేను తడబడ్డాను. అదే కాసేపాగి, "ఎవర్ని తొక్కితే వాళ్ళకేగా సారీ చెప్పాలి" అంది.

అప్పటినుంచీ నా ధ్యాసంతా 'సముద్రవసనే' దగ్గరే ఆగిపోయింది. ఏడు సముద్రాలు దాటి పరాయి నేలకు వచ్చామని మనం దిగులుపడతాం. శ్లోకానికి ఆ దిగులు లేదు. దానికి సముద్రం అమ్మ కట్టుకున్న చీర. కుచ్చిళ్ళకి ఇటు ఉన్నా అటు ఉన్నా బిడ్డ ఉన్నది ఆ అమ్మ దగ్గరే. విమానంలో పద్దెనిమిది గంటలు కూర్చుని మనం దాటింది ఒక చీర మడత! ఇక్కడి గుళ్ళలో సంకల్పం వినే ఉంటారు. ఇండియాలోలా జంబూద్వీపే, భరతవర్షే అనరు. ఈ నేలకి పేరుగా క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే అంటారు. నిలబడిన చోటు పేరు చెప్పుకోవడానికి పురోహితుడికి లేని మొహమాటం మన పిల్లలకెందుకు? పొద్దున స్కూల్లో ఒక మనిషిగా, సాయంత్రం గజ్జె కట్టి ఇంకో మనిషిగా ఉండాలని వాళ్ళకి ఎవరు చెప్పారు? మనమే చెప్పాం, 'మన కల్చర్, మన కల్చర్' అని టెన్షన్ పెట్టి.

ఇంకొకటి. క్షమ అంటే ఓర్పు. క్షమ అంటే భూమి కూడా. 'క్షమస్వ' అన్నప్పుడు, తల్లీ, నీ పేరుకు తగ్గట్టే ఉండు అని అడుగుతున్నట్టు వినిపిస్తుంది నాకు. కడుపులో బిడ్డ తంతే మురిసిపోయే తల్లి గుర్తొస్తుంది. సంస్కృత నిఘంటువు అమరకోశం ఆవిడని ఊరికే సర్వంసహ, అంటే అన్నీ ఓర్చుకునేది, అందా!

చెక్క మీద చేస్తే భూమి తగలదుగా అనే వాదన కూడా విన్నాను. మరి కూచిపూడిలో తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్ళెం అంచుల మీదే నిలబడతారు. అంతమాత్రాన నమస్కారం మానేశారా ఎవరైనా?

తల్లిదండ్రులారా, ఒక్క మాట. గజ్జెలని బూట్లున్న సంచిలో పడేయకండి. వాటికి విడిగా ఒక గుడ్డ సంచి కుట్టండి. కట్టేముందు కళ్ళకద్దుకోవడం మీరు చేసి చూపించండి, చెప్తే వినరు. వీడియో పెట్టేటప్పుడు మొదట్లో నమస్కారాన్ని కత్తిరించకండి. గురువులూ, ఫీజు గంట లెక్కనే అయినా, పిల్ల వేళ్ళు నేలను తాకి, కళ్ళను చేరి, మళ్ళీ లేచేదాకా తాళం వేసే తట్టుకర్ర ఆపండి. అరనిమిషం పడుతుందంతే. ఈ శనివారం క్లాసుకి అయిదు నిమిషాలు ముందే బయల్దేరండి.