తొంభై తొమ్మిది గొర్రెల మాట

2019 మార్చి. ఇజ్రాయెల్‌లో గలిలయ సముద్రం ఒడ్డున, కపెర్నహూములో మా బస్సు ఆగి ఉంది. గుంటూరు నుంచి బయల్దేరింది నలభై ఇద్దరం. లెక్కపెడితే నలభై ఒక్కరమే తేలాం. పాస్టర్‌గారు నడవలో అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, "టీచరమ్మగారేరీ?" అని కంగారుగా దిగి వెళ్లిపోయారు.

వందలో ఒక గొర్రె తప్పిపోతే కాపరి వెతికి పట్టుకుని, భుజాల మీద మోసుకొచ్చి, అందరినీ పిలిచి సంతోషించే బైబిల్ కథ సండేస్కూల్లో ఎన్నిసార్లు విన్నానో. ఎప్పుడూ ఆ ఒక్క గొర్రె వైపు నుంచే. కాపరి మిగతా తొంభై తొమ్మిదింటినీ అడవిలో వదిలేసి పోతే అవేమనుకున్నాయో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు బస్సులో కూర్చున్నాక తెలిసింది. సణిగి ఉంటాయి. మాకు ఆకలి, పైగా చేపల భోజనం ఆలస్యమవుతోందని టెన్షన్.

అసలు టీచరమ్మగారు తప్పిపోవడమేంటి! రిటైరైన లెక్కల టీచరు. పొద్దున తబ్గాలో గైడుకి చెమటలు పట్టించింది ఆవిడే. యేసు ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదు వేలమందికి భోజనం పెట్టిన అద్భుతం జరిగిన చోటని చెప్పే గుడి అది. బలిపీఠం ముందు నేల మీద ఐదో శతాబ్దపు రంగురాళ్ల బొమ్మ, బుట్టకి అటో చేప ఇటో చేప. ఆవిడ కళ్లజోడు సర్దుకుని వంగి చూసి, "బాబూ, బుట్టలో నాలుగే ఉన్నాయి" అన్నారు. ఐదో రొట్టె పైన బల్ల మీద ఉంటుందండీ, ఆరాధనలో విరిచేది అదే, అని గైడు సర్దిచెప్పాడు. ఆవిడ మాత్రం మళ్లీ లెక్కపెట్టారు.

అంతకుముందు, ప్రభువు కొండమీది ప్రసంగం చేశారని చెప్పే ధన్యతల కొండ దగ్గర నా లెక్కా తప్పింది. దారి పక్కనంతా అడవి ఆవాలు, పచ్చగా పూసి ఛాతీ ఎత్తు ఉన్నాయి. ఆవగింజ పెరిగి చెట్టవుతుంది, పక్షులు కొమ్మల్లో నివసిస్తాయి అని కదా వాక్యం. పోపుల డబ్బాతో నలభై ఏళ్ల కాపురం నాది, దీన్ని చెట్టనడానికి మనసొప్పలేదు. ప్రభువు నవ్వుతూనే చెప్పి ఉంటారు. దూలం కంట్లో పెట్టుకుని పక్కవాడి కంట్లో నలుసు తీయబోయేవాణ్ని, సూదిబెజ్జంలో దూరే ఒంటెను చూపించిన మనిషే కదా! ఆ మాటలకి ఆయన శిష్యులైన ఈ జాలర్లు నవ్వకుండా ఉన్నారంటే నేను నమ్మను.

ముప్పావు గంటకి ఇద్దరూ కనిపించారు. సముద్రమని పేరే గానీ అది మంచినీళ్ల సరస్సు. ఆవిడ మనవలకని ఆ నీళ్లు పట్టుకుంటూ ఉండిపోయారట. పాస్టర్‌గారు గొర్రెను భుజాల మీద మోసుకురాలేదు గానీ, రెండు క్యాన్లూ మోసుకొచ్చారు. మొహం చూస్తే కోపం లేదు. "అందరికీ ఐస్‌క్రీమ్ నా లెక్క!" అన్నారు.

ముందు సీట్లో బాబాయిగారికి మండింది. "టైముకొచ్చి కూర్చున్న మాకు ఒక్క టీ చుక్క పోసినవాళ్లు లేరు. ఈవిడ ఆలస్యంగా వస్తే పండగా?"

"బాబాయిగారూ, మీరు పాతిక వచనాలు ముందుకెళ్లిపోయారు. అది తప్పిపోయిన కుమారుడి కథలో, ఇల్లు చేరిన తమ్ముడికి విందేంటని అలిగిన అన్న డైలాగు" అన్నాను. ఆయన నవ్వలేదు గానీ, ఐస్‌క్రీమ్ మాత్రం తీసుకున్నారు.

పంపకం అయ్యాక టీచరమ్మగారు ఖాళీ అట్టపెట్టెలోకి తొంగిచూసి, బస్సంతా ఒకసారి కలయజూశారు.

"పాస్టర్‌గారూ, ఒకటి తగ్గింది."

ఆయన మళ్లీ బస్సు దిగారు.