నీటి అడుగుకు రెండు దీపాలు, విమానాశ్రయంలో ఒక పూట

బరంపురంలో సముద్రం లోపల వాడే దీపం కావాలంటే దుకాణదారు మనల్ని ఎగాదిగా చూస్తాడు. "నీళ్లు పడినా ఏమీ కాదండీ" అంటూ పొలానికి తీసుకెళ్లే టార్చి ఒకటి చేతిలో పెడతాడు. నీళ్లు పడటం వేరు, నీటి కింద ఉండటం వేరు. పది మీటర్లు దిగిన కొద్దీ ఒక వాతావరణ పీడనం అదనం. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి 4 రెట్లు. పెట్టె మీద ఎన్ని మీటర్ల లోతుకో రాయని దీపాన్ని ముట్టుకోకండి.

ప్రధాన దీపం సంగతి తొందరగానే తేలింది. ల్యూమెన్ల (వెలుగు ఎంతో చెప్పే కొలత) అంకె చూసి ఎగబడేవాళ్లంటే నాకు జాలి. మన గోపాల్‌పూర్ లాంటి మసక నీళ్లలో వెడల్పుగా పరుచుకునే వెలుగు పొగమంచులో లారీ వేసిన హైబీమ్ లాంటిది, నలుసులే మెరుస్తాయి. అందుకే సన్నని ధార ఉన్నది తీసుకున్నాను. దీపాన్ని పూర్తి వెలుగుతో వాడినా డైవ్ (నీటి అడుగున ఈత) ముగిశాక కూడా ఛార్జి మిగలాలన్నది నా రెండో షరతు.

అదనపు దీపం దగ్గర మా తోడల్లుడు నవ్వాడు. "రెండోది దండగ అన్నయ్యా, ఒకటి చాలదా?" గుహల్లో ఈదేవాళ్లు ఒక ప్రధాన దీపం, రెండు అదనపు దీపాలు, మొత్తం మూడు పెట్టుకుంటారు. రాత్రి పగడపు దిబ్బల దగ్గరికి రెండైనా ఉండాలి. అదనపుది చిన్నదిగా, దీపం తల తిప్పితే వెలిగేదిగా, ఛాతీ పట్టీకి తగిలించుకునేలా ఉండాలి. ప్రధాన దీపం ఆరితే చీకట్లో చెయ్యి వెతుక్కోకుండా అక్కడికే పోవాలి. ఛార్జింగ్ గొడవ లేని మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచేదే నేను ఎంచుకున్నాను. వచ్చాక సెల్స్ తీసేయాలి, లేకపోతే కారి లోపలంతా తినేస్తాయి.

ఇక విమానాశ్రయం. అండమాన్‌కు బయలుదేరాం. విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలన్నది నిబంధన, అలాగే సర్దాను. కౌంటరులో అమ్మాయి "బ్యాటరీలన్నీ పెద్ద పెట్టెలో పెట్టండి సార్" అంది. నిబంధన చెప్పాను. "మాకు తెలుసు సార్" అంది. వెనక వరుసలో ఒడియాలో సణుగుడు మొదలైంది. పెట్టెలో పెడితే గానీ బోర్డింగ్ పాస్ ఇవ్వనంది. పెట్టాను.

కాసేపటికి మైకులో నా పేరు! కింద సామాను గదిలో ఒక అధికారి నలుగురి ముందు నా పెట్టె తెరిచాడు. ఫిన్లు, వెట్‌సూట్, లోదుస్తులు, మా ఆవిడ సర్దిన ఉసిరికాయ పచ్చడి, అన్నీ బల్ల మీదికి వచ్చాయి. "విడి బ్యాటరీలు ఇందులో పెట్టకూడదని తెలియదా? చదువుకున్నవారే కదా?" మీ కౌంటరువాళ్లే పెట్టించారంటే, అది పైన మాట్లాడుకోమన్నాడు. తప్పు నాదేనని రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నాడు. పైకొచ్చి చూస్తే ఆ అమ్మాయి కంప్యూటర్ నుంచి తల ఎత్తితే ఒట్టు.

భద్రతా తనిఖీ దగ్గర రెండో అంకం. బ్యాటరీ తీసేసిన నా ప్రధాన దీపం, ఆ అల్యూమినియం గొట్టం, ముగ్గురి చేతులు మారింది. వెలిగించి చూపమన్నారు. బ్యాటరీ వేసి వెలిగించాను. బ్యాటరీ ఎందుకు వేశారని మందలించారు! చివరికి ఒక పెద్దాయన వచ్చి బ్యాటరీలో నిల్వ శక్తి ఎన్ని వాట్ అవర్లని అడిగాడు. బ్యాటరీ మీద 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు, 3.7 వోల్టులు అని మాత్రమే ఉంది. లెక్కల మాస్టారిని, 18.5 అని నోటితోనే గుణించి చెప్పాను. పరిమితి 100. ఆయన వెంటనే వదిలేశాడు. మీకు లెక్కల మీద నమ్మకం లేకపోతే వాట్ అవర్లు అచ్చయిన బ్యాటరీనే కొనండి. ఒక్కొక్కదాన్నీ విడి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. విమాన సంస్థ నిబంధన కాగితం చేతిలో ఉంచుకోండి. ఆ కాగితం కూడా కౌంటరు అమ్మాయిని కదిలిస్తుందని నేను అనుకోను.

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో రాత్రి డైవ్ బాగా జరిగింది, మధ్యలో మా తోడల్లుడి ఏకైక దీపం మినుకుమినుకుమనేదాకా. అందరం డైవ్ ఆపి పైకి వచ్చేశాం, నియమం అదే. ఇప్పుడు తనే ఫోను చేసి ఏ అదనపు దీపం కొనాలని అడుగుతున్నాడు. చెప్పాను. నాది అరువు అడిగాడు కానీ ఇవ్వలేదు.