టీసీఎఫ్ కెనడా లిజనింగ్: రోజూ ఒక నిమిషం ఆడియోతో నేను చేసిన సాధన

తోటి అభ్యర్థులకు నమస్కారం. కెనడా వలస కోసం రాసే ఫ్రెంచ్ పరీక్ష టీసీఎఫ్ కెనడాలో నా ఫలితాలు ఈ వారమే చేతికి వచ్చాయి. చదవడం, రాయడం, మాట్లాడడం మూడింటిలోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కు కెనడా వాడే స్థాయి కొలమానం) 7 వచ్చింది. ఇన్నాళ్లూ నన్ను ఏడిపించిన లిజనింగ్‌లో, అంటే విని అర్థం చేసుకునే విభాగంలో మాత్రం 8 వచ్చింది. ఆ సంతోషం ఇంకా తగ్గకముందే రాస్తున్నాను కాబట్టి అక్కడక్కడ కాస్త గొప్పలు కనిపిస్తే పెద్ద మనసుతో సర్దుకోండి. పరీక్ష విధానం, సీఆర్ఎస్ (వలస దరఖాస్తుదారులకు కెనడా ఇచ్చే పాయింట్లు) లెక్కలు మీకు కొట్టిన పిండే కనుక వాటి జోలికి పోకుండా, శిక్షకుడి అవసరం లేకుండా ఇంటి దగ్గరే లిజనింగ్‌ను ఎలా మెరుగుపరచుకోవచ్చో మాత్రమే చెబుతాను.

ఇంతకుముందు రాసినప్పుడు మిగతా మూడు విభాగాలూ గట్టెక్కాయి గానీ, లిజనింగ్ స్కోరు 7కు కావాల్సిన 458కి కాస్త దిగువన, అంటే ఎన్‌సీఎల్‌సీ 6 దగ్గరే ఆగిపోయింది. నాలుగింటిలోనూ 7 ఉంటే తప్ప అదనపు 50 పాయింట్లు రావు, ఫ్రెంచ్ కేటగిరీ డ్రాకు (ఫ్రెంచ్ వచ్చినవారిని వలసకు పిలిచే ఎంపికకు) అర్హతా ఉండదు. వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడుతున్న సమయంలో ఆ కొద్దిపాటి తేడా నాకు ఎంత భారమైందో ఇక్కడ అదే దారిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఫలితం చూసిన ప్రతి ఒక్కరూ "ఇంకా ఎక్కువ వినాల్సింది" అన్నారు. ఆ మాటను నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. బ్రాంప్టన్ నుంచి పనికి వెళ్లి వచ్చే బస్సులో, వంట చేస్తున్నంతసేపూ, పడుకునే ముందు కూడా నా చెవుల్లో ఫ్రెంచ్ రేడియో మోగుతూనే ఉండేది. వెనకాల ఆడియో పెట్టుకుని మీ పని మీరు చేసుకోండి, చెవి దానంతటదే అలవాటు పడుతుంది అని నేను డబ్బు కట్టిన శిక్షణ కేంద్రంవారు చెప్పారు, నేను అక్షరాలా పాటించాను. ఊళ్లో గుడి మైకు తెల్లవారుజాము నుంచి మోగుతూనే ఉంటుంది. అందులో ఇప్పుడే ఏ కీర్తన అయిపోయిందని అడిగితే వీధిలో ఒక్కరూ చెప్పలేరు. నా వినికిడి కూడా సరిగ్గా అలాగే సాగింది.

మలుపు ఎక్కడ వచ్చిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగిలినదంతా దాని నుంచి పుట్టిందే. ఆర్ఎఫ్ఐ రేడియో రోజూ ప్రసారం చేసే పది నిమిషాల సులభ ఫ్రెంచ్ వార్తలు మీలో చాలామంది వింటూనే ఉంటారు. ఒక సాయంత్రం అందులో నాకు బొత్తిగా అర్థంకాని భాగాన్ని పట్టుకుని, దాని లిఖిత పాఠాన్ని తెరిచి చూశాను. ఆ వాక్యాల్లో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. చదివితే అంతా తెలుసు, వింటే ఏమీ తెలియదు. అంటే నా లోపం పదజాలంలో లేదు. తెలుగులో రాసిందే పలుకుతాం, పలికిందే రాస్తాం. ఆ అలవాటున్న మనకు ఫ్రెంచ్ మాటలన్నీ కంటితో వచ్చినవే తప్ప చెవితో వచ్చినవి కావు. ఈ సంగతి తెలిశాక బస్సులో రేడియో కట్టేసి, ఒక రూళ్ల నోటుపుస్తకం కొన్నాను.

పద్ధతి ఇది. ఆ వార్తల్లో నుంచి ఒక నిమిషం మాత్రమే తీసుకోవాలి. పాఠం చూడకుండా మొదటిసారి కేవలం వినాలి, తర్వాత ఒక్కొక్క వాక్యం దగ్గర ఆపుతూ వినిపించింది వినిపించినట్టు రాయాలి, అర్థంకాని చోట ఖాళీ వదలాలి. అప్పుడు పాఠం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. అసలు పని దిద్దడంతో అయిపోదు, అక్కడే మొదలవుతుంది. ప్రతి తప్పు పక్కన అది ఎందుకు జరిగిందో రాయాలి: మాటే తెలియదా, తెలిసిన మాట పక్క మాటతో కలిసిపోయిందా, లేక వ్యాకరణం పట్టుకోలేకపోయానా? చివరగా అదే నిమిషాన్ని వార్తలు చదివేవారి వేగంతో పైకి చదవాలి. నోటికి తిరగని మాట చెవికీ అందదని నా అనుభవం. మొత్తం కలిపి ముప్పావు గంట పడుతుంది. మరునాడు కొత్త నిమిషం మొదలుపెట్టే ముందు నిన్నటిది ఒకసారి వినాలి.

కొన్ని వారాల తర్వాత ఆ ఎర్ర గీతలను వరుసగా చదువుకుంటే నా తప్పులన్నీ నాలుగైదు చోట్లకే వచ్చి చేరాయని తేలింది. వేళల సంగతి చూడండి. రెండు గంటలకు 'దొజర్', పన్నెండు గంటలకు 'దూజర్'. మూడు గంటలకు 'త్రువాజర్', పదమూడు గంటలకు 'త్రేజర్'. రైల్వే స్టేషన్ ప్రకటనల్లో ఈ తేడా ఒక్క అచ్చులోనే ఉంటుంది, జవాబుల్లో మాత్రం రెండు వేళలూ సిద్ధంగా కూర్చుని ఉంటాయి. ఫోన్ నంబర్లను ఫ్రాన్సులో రెండేసి అంకెలుగా చదువుతారు కనుక 'సువాసాంత్' (అరవై) వినగానే 6 రాసేస్తాం, వెంటనే 'దూజ్' (పన్నెండు) వస్తే అది 72 అని దిద్దుకోవాలి, ఈలోగా తర్వాతి జంట దాటిపోతుంది. ఇక ఏకవచన బహువచనాల్లో 'ఇలెమ్' అంటే ఒకరు ఇష్టపడుతున్నారు, 'ఇల్‌జెమ్' అంటే చాలామంది ఇష్టపడుతున్నారు. మధ్యలో దూరిన ఆ 'జ' ధ్వని తప్ప చెవికి వేరే ఆధారం ఉండదు. మాటల్లో నిషేధార్థకమైన 'నె' దాదాపు మాయమై 'జె నె సే పా' (నాకు తెలియదు) కాస్తా 'షే పా' అవుతుందని ఏ పాఠ్యపుస్తకమూ నాకు గట్టిగా చెప్పలేదు, నా నోటుపుస్తకమే చెప్పింది.

బీ2 స్థాయి (మధ్యస్థం కన్నా పై మెట్టు) ప్రశ్నలకు మాత్రం ధ్వని ఒక్కటే చాలదు. ప్రశ్నలు 39, సమయం 35 నిమిషాలు, ఆడియో ఒకేసారి వినిపిస్తుంది, కష్టం క్రమంగా పెరుగుతుంది. మన 7 తేలేది 20వ ప్రశ్న దాటాకే. వార్తల్లో ఒక డ్రైవరు గురించి 'ఆ పెర్ద్యూ' అని వినిపిస్తే వాహనంపై అదుపు కోల్పోయాడని నిర్ధారణగా చెప్పినట్టు. 'ఓరే పెర్ద్యూ' అంటే కోల్పోయాడని అంటున్నారు, ఇంకా తేలలేదు అని అర్థం. నేను దీన్ని వ్యాకరణంలో ఎప్పుడో చదివాను, వినడంలో మాత్రం ఎర్ర గీతలు పడ్డాకే పట్టుబడింది. ఇంకొకటి గమనించాను. ఆడియోలో వినిపించిన మాటే జవాబుల్లో యథాతథంగా కనిపిస్తే అది చాలాసార్లు మనల్ని పట్టే ఉచ్చే. సరైన జవాబు అదే భావాన్ని వేరే మాటల్లో చెబుతుంది. అందుకే నిమిషం దిద్దుకున్నాక మాట్లాడినవారి అభిప్రాయాన్ని ఒక్క ఫ్రెంచ్ వాక్యంలో నా సొంత మాటల్లో రాసే అలవాటు చేసుకున్నాను. ఆర్ఎఫ్ఐ వార్తల్లో తప్పులు తగ్గాక టీవీ5మోండ్ చానెల్ అభ్యాసాలకు, ఆ తర్వాత ఫ్రాన్స్ అంతేర్ రేడియో ముఖాముఖీలకు వెళ్లాను. ముఖాముఖీల్లో ఒకరి మాట పూర్తికాకముందే మరొకరు అందుకుంటారు, దానికి సాధన వేరే కావాలి. కెనడాలో ఉంటూ ఇక్కడి ఫ్రెంచ్ రాష్ట్రమైన క్యూబెక్ యాస వినవద్దంటారా అని కొందరు అడిగారు. బతకడానికి తప్పకుండా వినండి. కానీ పరీక్షను తయారుచేసేది ఫ్రాన్సులోని సంస్థ, నాకైతే అందులో ఆ యాస పెద్దగా ఎదురుకాలేదు.

"నీకు పెళ్లాం పిల్లలు లేరు, తీరిక ఉంది అన్నా, నీకు కుదిరింది" అని మా రూమ్మేట్ అన్నాడు. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చిన రోజూ, జ్వరం తగిలిన రోజూ ఆ నోటుపుస్తకం తెరిచాను. ఓపిక లేనినాడు నిమిషం బదులు రెండు వాక్యాలు రాశాను గానీ ఖాళీ పేజీ వదల్లేదు. ఆదివారం నాలుగు గంటలు కూర్చుని వారమంతా పుస్తకం ముట్టనివారు లిజనింగ్ రావడం లేదని వాపోతే నాకు జాలి కలగదు, క్షమించండి. పరీక్షలో వచ్చిన ప్రశ్నలంటూ తిరిగే పీడీఎఫ్‌లను బట్టీపట్టే మిత్రులకూ ఇదే చెబుతాను: పరీక్ష విధానం అలవాటు కావడానికి అవి కొంత పనికొస్తాయి, కొత్త గొంతు వినిపించగానే చేతులెత్తేస్తాయి. నేను కూడా అవి చూసే పాసయ్యానని కొందరు అనుకుంటున్నట్టు తెలిసింది. నా ఎర్ర గీతల పుస్తకం చూడాలనుకుంటే ఎవరికైనా చూపిస్తాను.

చదవడం, రాయడం, మాట్లాడడం గురించి చెప్పడానికి నా దగ్గర కొత్త సంగతులేమీ లేవు. రాతకు రోజూ ఒక చిన్న వ్యాసం, మాటకు అద్దం ముందు గడియారం పెట్టుకుని సాధన, అంతే. లిజనింగ్ సాధన పుణ్యమా అని మాట్లాడే విభాగంలో పరీక్షకురాలి ప్రశ్న ఒక్కసారికే అర్థమవడం మాత్రం అనుకోని లాభం.

పరీక్ష గదిలో పాటించాల్సినది ఒక్కటే ఉంది. మొదటి కొన్ని ప్రశ్నల్లో బొమ్మ చూపించి నాలుగు వాక్యాలు వినిపిస్తారు, అవి తేలిక అని ఏమరుపాటుగా ఉండకండి, జవాబు తెర మీద ఉండదు, చెవిలోనే ఉండాలి. మధ్యలో ఒక ప్రశ్న చేజారితే దాని గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా, ఏదో ఒక జవాబు గుర్తించి, తర్వాతి ఆడియో మొదలయ్యేలోగా తర్వాతి ప్రశ్నను కంటితో ఒకసారి చదివేయండి. ఈసారి నాకు అలా చేజారినవి ఉన్నాయి. చివరి సీ2 (అన్నిటికన్నా పై స్థాయి) ప్రశ్నల్లో అయితే ఒక తత్త్వశాస్త్ర ప్రసంగం ఏమి చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. అయినా స్కోరు 8కి కావాల్సిన 503 దాటింది.