మన, మా, మీ: బోట్స్వానాలో మా 2024

ఆగస్టు 8, గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు ప్యారిస్‌లో 200 మీటర్ల పరుగు మొదలయ్యేసరికి గాబరోన్‌లోని మా ఇంట్లో అన్నం కంచాలన్నీ టీవీ ముందుకు చేరాయి. ఇరవయ్యొక్కేళ్ల లెట్సిలే టెబోగో 19.46 సెకన్లలో గీత దాటి, బోట్స్వానాకు ఒలింపిక్స్‌లో మొట్టమొదటి స్వర్ణం తెచ్చిన క్షణంలో, మా పన్నెండేళ్ల అమ్మాయి పప్పన్నం కలిపిన చేత్తోనే లేచి నిలబడి, “అమ్మా, మనవాడు గెలిచాడు!” అని అరిచింది.

‘మన’ అంటే వినేవారిని కలుపుకోవడమనీ, ‘మా’ అంటే వారిని పక్కన పెట్టడమనీ నేను దానికి ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో సెట్స్వానా మాట్లాడే పిల్లకు ఆ తేడా అంత తొందరగా పట్టుబడలేదు. ఆ రాత్రి మాత్రం ఎవరూ గుర్తు చేయకుండానే సరైన మాట పలికింది.

టెబోగో తల్లి సెరాటివా ఆ మే నెలలోనే చనిపోయారు. పరుగు ముగిశాక అతడు బూటు విప్పి, దాని మీద రాసుకున్న ఆమె పుట్టిన తేదీని కెమెరాకు చూపించాడు. ఆ దృశ్యం చూసిన తరువాత మా అమ్మాయి ఆ రాత్రి నా పక్కనే పడుకుంది. మరునాడు మధ్యాహ్నం నుంచి దేశమంతటికీ సెలవు ప్రకటించారు. 13వ తేదీన క్రీడాకారులకు జాతీయ స్టేడియంలో స్వాగతం పలికినప్పుడు, చెంపల మీద నీలం, నలుపు, తెలుపు రంగులు పూసుకుని మా అమ్మాయి కూడా గొంతు పోయేదాకా కేకలు వేసింది.

అదే నెలలో కరోవే గనిలో 2,492 క్యారట్ల వజ్రం దొరికింది. అంత పెద్ద రాయి దొరికినా, ప్రపంచంలో వజ్రాలకు గిరాకీ పడిపోయిన ఏడాది కావడంతో, ఉద్యోగాలు లేవన్న బాధే జనం మాటల్లో ఎక్కువగా వినిపించేది. అక్టోబరు 30న జరిగిన ఎన్నికల్లో, 1966లో స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి 58 ఏళ్లు ఏకధాటిగా పాలించిన పార్టీకి 61 స్థానాల్లో నాలుగే మిగిలాయి. మాలో ఎవరికీ ఓటు లేదు, మా పాస్‌పోర్టులు భారతదేశానివి. అయినా ఆ రెండు రోజులూ మా అమ్మాయి రేడియో దగ్గర నుంచి కదలలేదు.

ఆ ఆదివారం తెనాలికి ఫోను చేసినప్పుడు, “తాతయ్యా, జూన్‌లో మీ ప్రభుత్వం మారింది కదా, ఇప్పుడు మా ప్రభుత్వమూ మారింది” అంది. ఆ ‘మీ’ నా గుండెలో కలుక్కుమంది. దిద్దుదామని నోరు తెరిచాను గాని, వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు. నేను నేర్పిన తేడానే అది నిజాయితీగా వాడుకుంది.

మా నాన్నగారు మాత్రం ఆ మాటను పట్టించుకోలేదు. “ఓడిపోయినాయన ఊరుకున్నాడా, అమ్మడూ?” అని అడిగారు. లెక్కింపు పూర్తి కాకముందే అధ్యక్షుడు మసీసి ఓటమిని ఒప్పుకుని, గెలిచిన డూమా బోకోను అభినందించారనీ, నవంబరు 1నే కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేశారనీ అది వివరించి చెప్పింది. “గొప్ప మర్యాద” అన్నారు ఆయన.

తరువాత, వ్యవసాయం చేసిన మనిషి కనుక, వానల సంగతి అడిగారు. కరవుతో పొలాలు ఎండిపోయిన సంవత్సరం అది. ఇక్కడ వానను ‘పుల’ అంటారనీ, డబ్బు పేరు కూడా అదేననీ, సభల్లో ప్రసంగం ముగించేటప్పుడు దీవెనగా అదే మాట అంటారనీ, జెండాలోని నీలం వాననీళ్లకు గుర్తనీ మా అమ్మాయి ఓపికగా చెప్పింది. ఎవరైనా ‘పుల’ అంటే విన్నవాళ్లందరూ తిరిగి ‘పుల’ అనాలని కూడా చెప్పింది.

“అయితే అనవే” అన్నారు నాన్నగారు.

ఇక్కడి నుంచి ఒకసారి, తెనాలి నుంచి ఒకసారి, ఆ మాట వినిపించింది.