ఆరు కాళ్ల కాక్‌పిట్‌లో ఒక రాత్రి

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని బోయింగ్ 737 నడపడం నాకు ఏళ్ల నాటి అలవాటు. ఏ స్విచ్చు ఎక్కడుందో, దేని తర్వాత ఏది వేయాలో అన్నీ కంఠతా వచ్చు. కానీ బల్ల మీది ఆ విమానానికి బరువు లేదు. నేల మీదే నిజమైన విమానంలా కదిలే శిక్షణ యంత్రం, సిమ్యులేటర్‌లో ఆ బరువేమిటో తెలుసుకోవాలని ఓ శీతాకాలపు సాయంత్రం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో గాట్విక్ రైలెక్కాను. గిల్డ్‌ఫర్డ్ దాటేసరికే చీకటి పడింది. చేతిలో చెక్‌లిస్టు ఉంది కాబట్టి ప్రయాణం ఎలా గడిచిందో తెలియలేదు.

లండన్‌కు దక్షిణాన ఉన్న గాట్విక్ విమానాశ్రయం పక్కనే క్రాలీ పట్టణం. అక్కడి పారిశ్రామికవాడలో పైలట్ల శిక్షణ కేంద్రాలున్నాయి. విమానయాన సంస్థల పైలట్లు ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో పరీక్షకు నిలబడాలి. పగటి వేళలన్నీ వాళ్లకే సరిపోతాయి. నాలాంటి ఔత్సాహికులకు దొరికేది రాత్రి పొద్దుపోయాక మిగిలే సమయమే. ధర కాస్త తగ్గుతుంది కూడా.

హాలులో అడుగుపెట్టగానే నిలబడిపోయాను. రెండంతస్తుల ఎత్తున తెల్లటి గది, దాని కింద ఆరు ఉక్కు కాళ్లు. ఒక్కో కాలు విడివిడిగా సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆరూ కలిస్తే గది ఎటైనా వంగగలదు, జరగగలదు. ఈ అమరికను వివరిస్తూ స్టీవర్ట్ అనే ఇంజినీరు 1965లో పత్రం రాశాడు. అంతకు చాలా ముందే, 1929లో, అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన, తన తండ్రి నడిపే ఆర్గాన్ వాద్యాల కర్మాగారంలోని గాలితిత్తులతో తన తొలి పైలట్ శిక్షణ యంత్రాన్ని కదిలించాడు. సంగీత వాద్యాల తిత్తుల నుంచి ఇంతదూరం వచ్చిన ఆ విద్య మీద నాకున్న గౌరవం చెప్పలేనిది.

చిన్న వంతెన దాటి లోపలికి వెళ్లాం. వెనక కూర్చున్న శిక్షకుడు విశ్రాంత కెప్టెన్. బెల్టులు బిగించుకున్నాక వంతెన పైకి లేచింది, గది కొద్దిగా పైకి తేలింది. అద్దం అవతల గాట్విక్ రన్‌వే దీపాలు. వంపు అద్దం మీద ప్రతిఫలించే ఆ దృశ్యం చేతికందే దూరంలో ఉన్నట్టుండదు, నిజంగా కిలోమీటర్ల అవతల ఉన్నట్టే కళ్లకు ఆనుతుంది.

ఇంజన్ల శక్తిని పెంచే పిడులు, థ్రాటిళ్లు, ముందుకు తోశాను. వీపు కుర్చీకి అదుముకుంది. ముందు చక్రం రన్‌వే నడిమి దీపాల మీదుగా వెళ్తుంటే టక్ టక్‌మని అరికాళ్లకు తగులుతోంది. పైకి లేవడానికి విమానం ముక్కును ఎత్తే, దించే కంట్రోల్ కాలమ్ లాగితే చేతికి బరువు తెలిసింది. నేను వెతుక్కుంటూ వచ్చింది దీనికోసమే. మోకాలి పక్కన, తెల్లచార ఉన్న ట్రిమ్ చక్రం గడగడమని తిరిగి ఆ బరువును తగ్గించింది. ఇంట్లో అది ఒక బొత్తాం మాత్రమే.

ఇంగ్లిష్ చానల్ మీదికి చేరాక శిక్షకుడు కంట్రోల్ తాను తీసుకున్నాడు. "కళ్లు మూసుకోండి. విమానం ఏం చేస్తోందో చెప్పండి" అన్నాడు. ముక్కు పైకి లేస్తోంది, సందేహం లేదు. "పైకి ఎక్కుతున్నాం" అన్నాను. "ఇప్పుడు చూడండి." విమానం ఎటు వంగిందో చూపే యాటిట్యూడ్ ఇండికేటర్‌లో గీత చదునుగా ఉంది. ఎత్తు మారలేదు. పెరుగుతున్నది వేగమే.

హాలులో ముందుకు దూసుకుపోయే చోటు లేదు కదా! అందుకే వేగం పెరిగినప్పుడల్లా యంత్రం గదిని నెమ్మదిగా వెనక్కి వాలుస్తుంది. వీపు మీద పడిన మన బరువునే మెదడు వేగమని నమ్ముతుంది. వాలడానికీ వేగం పుంజుకోవడానికీ తేడాను, మన సమతూకం చూసే లోపలి చెవి పట్టుకోలేదు. సిమ్యులేటర్‌కు ప్రాణం పోసిన ఈ బలహీనతే నిజమైన విమానంలో, దిగంతం కనపడని రాత్రి, పైలట్‌ను మోసం చేస్తుంది. వేగం పెరుగుతుంటే ముక్కు లేస్తోందని భ్రమపడి కిందికి నొక్కేస్తాడు.

ఒళ్లు చెప్పేదాన్ని నమ్మలేం సరే, పరికరమే చెడిపోతే? నాకు 1978 జనవరి 1 గుర్తొచ్చింది. బొంబాయి నుంచి దుబాయ్ బయల్దేరిన ఎయిరిండియా బోయింగ్ 747 'ఎంపరర్ అశోక' నిమిషాల్లోనే అరేబియా సముద్రంలో కూలింది. 213 మంది చనిపోయారు. కెప్టెన్ ముందున్న ఇండికేటర్ చెడిపోయి విమానం కుడికి ఒరిగినట్టు చూపింది, ఆయన ఎడమకు తిప్పుతూ పోయారు. బయట చీకటి. ఆ పొరపాటును పట్టుకునే శక్తి ఒంటికి లేదు. ఆ మాట ఎత్తితే శిక్షకుడు ఏమీ అనకుండా నా ముందున్నదీ, కో-పైలట్ ముందున్నదీ, మధ్యలో అదనంగా ఉంచిన చిన్న స్టాండ్‌బైదీ, మూడు ఇండికేటర్లనూ వరసగా వేలితో చూపించాడు. ఆ తర్వాత రాత్రంతా నా కళ్లు ఆ మూడింటి మధ్యే తిరిగాయి.

ఒక ఇంజన్ ఆపి చూపించిన పాఠంలో, విమానం పక్కకు తిరగకుండా పెడల్ తొక్కి పట్టాల్సి రావడంతో కాలికి బాగా పని పడింది. ఇక దిగడం. రన్‌వే పక్కన రెండు తెల్ల దీపాలు, రెండు ఎర్ర దీపాలు. అంటే సరైన వాలులో ఉన్నట్టు. వేగం 140 నాట్లకు అటూ ఇటూ. యాభై, నలభై, ముప్ఫై అని యాంత్రిక స్వరం అడుగులు లెక్కపెడుతోంది. ఇరవై దగ్గర కాలమ్‌ను రవ్వంత లాగి, థ్రాటిళ్లు మూసేశాను. చక్రాలు నేల తాకిన సంగతి నడుముకు తెలిసింది. బ్రేకులు పడగానే భుజాల బెల్టులు బిగుసుకున్నాయి.

ఎవరైనా వెళ్లదలచుకుంటే, బుక్ చేసేటప్పుడే గది కదులుతుందా లేదా అని అడగండి. కదలని సిమ్యులేటర్లు కూడా ఉన్నాయి, వాటితో నేను చెప్పిన అనుభవం రాదు. నగరాల మీద షికారు కొట్టే బదులు ఆటోపైలట్ తీసేసి ఎక్కడం, దిగడం చేయించమనండి. కళ్లు మూసుకునే పాఠం మాత్రం తప్పక అడగండి. నేను మళ్లీ పేరు రాయించుకున్నాను, ఈసారి పక్కగాలిలో దిగడానికి.