నీలి గీతల్లో మెరకా పల్లమూ

ఆదివారం. పొద్దుటి నుంచీ ముసురు. బల్ల మీద ఒకటే షీటు, సర్వే ఆఫ్ ఇండియా అంగుళానికి మైలు చొప్పున గీసిన గోదావరి డెల్టా పాత పటం, నంబరు 65 హెచ్/13. ధవళేశ్వరం, కడియం, ఆత్రేయపురం, ఆలమూరు, మండపేట అన్నీ ఇందులోనే ఉన్నాయి.

చదివే ముందు కొలవాలి. అక్షాంశంలోనూ రేఖాంశంలోనూ పదిహేను నిమిషాలు, అంటే పావు డిగ్రీ, పట్టే షీటు కనుక ఈ అక్షాంశం దగ్గర నిలువు 17.2 అంగుళాలు, అడ్డం 16.5 పైచిలుకు ఉండాలి. నిలువు 17 మాత్రమే వచ్చింది. కాగితం ముడుచుకుంది. ఈ లెక్కన పది మైళ్ల కాలువ దాదాపు ఒక ఫర్లాంగు, అంటే మైలులో ఎనిమిదో వంతు, తగ్గి కనిపిస్తుంది. రెండు వైపులా ఒకేలా ముడుచుకోదు కాబట్టి అడ్డాన్ని విడిగా సరిచేసుకోవాలి.

ధవళేశ్వరం గుట్టలు దాటాక గోధుమరంగు గీతలు దొరకవు. అవి సమోన్నత రేఖలు, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు. 50 అడుగులకొకటి గీసే వాటికి ఇంత సమతలంలో చోటే లేదు. ఇక్కడ మెరకా పల్లమూ నీటి దారుల నీలి గీతలే చెప్పాలి. వరద గట్టు పొర్లినప్పుడు ఇసుక, బరువైన ఒండ్రు ఏటి పక్కనే దిగబడతాయి, సన్న బంకమన్ను దూరం పోతుంది. అందుకే డెల్టాలో ఏటి ఒడ్డే మెరక. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక పంటకాలువలు ఆ మెరక పట్టుకుని నడిచాయి. మురుగు పల్లం పట్టింది.

షీటులో రెండూ నీలమే. పంటకాలువ కిందికి పోయేకొద్దీ కొమ్మలుగా చీలుతుంది, మురుగుకాలువ కిందికి పోయేకొద్దీ పాయలను కలుపుకుంటుంది. కాలువ నీటిని ఆపి వదిలే లాకుల దగ్గర మొదలుపెట్టి పెన్సిలుతో బాణాలు వేసుకుంటూ వెళ్లాలి. తలకిందులుగా చదివితే ముంపు నేల కాస్తా ఆయకట్టు అయిపోతుంది!

అంకెలు చాలామందిని తప్పుదారి పట్టిస్తాయి. ఒట్టి 45 అంటే సముద్రమట్టానికి 45 అడుగులు, మీటర్లు కాదు. గట్టు పక్కన 12ఆర్ అని ఉంటే చుట్టూ నేల కంటే గట్టు 12 అడుగులు ఎత్తు అని. రెంటినీ ఒకే వరుసలో ఎక్కిస్తే వాలు లెక్కంతా పాడవుతుంది.

సాయంత్రం ఇప్పటి పటం మీద అతికించే పని. పాత షీటు ఎవరెస్టు గోళాభం మీద ఉంది, అంటే భూమి ఆకారానికి అప్పటి సర్వే వాడిన లెక్క మీద; జీపీఎస్‌ది వేరే లెక్క. మూలల అక్షాంశ రేఖాంశాలను నేరుగా జీపీఎస్ లెక్కలో వేస్తే ఊళ్లన్నీ వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతాయి. రెండు పటాలనూ కలిపే ఆనవాళ్లుగా కడియం, ద్వారపూడి దగ్గర రైలుపట్టాల దాటుళ్లు, పాత గుళ్లు, లాకులు తీసుకున్నాను. ఆనకట్టను వదిలేశాను, ఇప్పుడున్నది 1982లో పూర్తయిన బ్యారేజీ. లంకల అంచులనూ ముట్టుకోలేదు, ప్రతి పెద్ద వరదా వాటిని కోస్తుంది.